అక్కడ నీకేం పని?

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి పక్షులు వస్తాయని పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ వింటున్నాను. ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ కదా, ఒక్కదాన్నే వెళ్ళొస్తానంటే మావారు "అక్కడ నీకేం పని?" అన్నారు. నోట మాట రాలేదు. ఏం చెప్పాలంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పనేం లేదనే చెప్పండి. చూడ్డానికి వెళ్తున్నానని చెప్పండి.

మనం గడప దాటాలంటే చేతిలో ఏదో ఒక కారణం ఉండాలి. పెళ్ళి, పురుడు, ఆసుపత్రి, గుడి. మీవారు సెంటర్లో టీ తాగొస్తానని వెళ్ళి రెండు గంటలకి తిరిగొస్తే, ఏం పని మీద వెళ్ళారని మీరెప్పుడైనా అడిగారా?

నేను 31 ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. పక్షుల బొమ్మలు బోర్డు మీద ఎన్ని గీశానో లెక్కలేదు. గూట్లో ఉన్న కొంగని చూసింది మాత్రం రిటైరయ్యాకే. అదీ ఇంట్లో పెదకాకాని గుడికని చెప్పి! మరీ పచ్చి అబద్ధం కాకూడదని గుడికీ వెళ్ళాను, ప్రసాదం తెచ్చి పెట్టాను. మీకా తిప్పలు వద్దు.

చలికాలంలో వెళ్ళండి. అదేమీ పెద్ద సరస్సు కాదు, ఊరి చెరువే. ముందు వాసన తగులుతుంది, తర్వాత రొద వినిపిస్తుంది, ఆ తర్వాతే పక్షులు. తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు (పెలికాన్లు). గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తలంతా దూర్చి చేపలు తింటుంది. తల్లి అన్నాను గానీ అది తండ్రి కూడా కావచ్చు. గుడ్లు పొదగడమూ పిల్లల్ని మేపడమూ రెండూ వంతులేసుకుని చేస్తాయి. ఇంటికొచ్చాక ఈ ముక్క మీవారి చెవిన ఊరికే వేసి చూడండి.

ఆధార్ కార్డు మర్చిపోకండి. ఇంకో మాట. ప్రయాణమంటే పొద్దున్నుంచీ నీళ్ళు మానేసే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. దారిలో బాత్రూం ఎక్కడుంటుందోనన్న టెన్షన్ మనకి బస్సు టికెట్ కంటే పెద్దది, దాన్నింకా ఎవరూ ఫ్రీ చేయలేదు. బస్టాండ్‌లో బాత్రూంకి వెళ్ళి బస్సెక్కండి, నీళ్ళు మాత్రం తాగండి. అలా బిగపట్టుకునే నేను ఇన్ఫెక్షన్ తెచ్చుకుని వారం రోజులు మంచం మీదున్నాను.

ప్రశ్న: 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చిన దగ్గర్నుంచీ ఆడవాళ్ళు పనీపాటా లేకుండా తిరుగుతున్నారు. డబ్బులిచ్చి టికెట్ కొన్న నేను నిలబడి రావాలా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: నిలబడి ప్రయాణం కష్టమే బాబూ. నాకూ మోకాళ్ళ నొప్పులున్నాయి. బస్సులు పెంచమని అర్జీ పెట్టండి, మొదటి సంతకం నాది.

కానీ పొద్దున ఏడింటి పల్లెవెలుగులో ఒకసారి చుట్టూ చూడండి. ఆసుపత్రి ఆయాలు, బట్టల షాపు అమ్మాయిలు, కూరగాయల బుట్టలు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు. మొన్న నా పక్కన కూర్చున్నామె షాపులు ఊడ్చే పనికి వెళ్తోంది. రోజుకి అరవై రూపాయల చార్జీ మిగులుతోందని, ఆ డబ్బుతో కూతురికి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు పెట్టించానని చెప్పింది.

పని లేకుండా తిరిగేవాళ్ళూ కొందరు ఉంటారు, ఎందుకుండరు? పైన తెనాలి పాఠకురాలు ఉన్నారుగా. ఆవిడ మీ బస్సెక్కితే కాస్త జరిగి చోటివ్వండి.

ప్రశ్న: మా ఇంట్లో పనిచేసే ఆమెకి మా అత్తగారు టీ విడిగా ఒక స్టీలు గ్లాసులో పోసిస్తారు. అది కిటికీలోనే ఉంటుంది. నాకు నచ్చదు, గొడవ పెట్టుకునే ధైర్యమూ లేదు.
– ఒక కోడలు, చీరాల

జవాబు: గొడవెందుకు? రేపు పొద్దున మీ కాఫీ ఆ గ్లాసులో పోసుకుని మీ అత్తగారి పక్కనే కూర్చుని తాగండి. తర్వాత కడిగి మిగతా గ్లాసుల్లో బోర్లించండి. పనిచేసే ఆమెకి టీ ఆ రోజు మీరే పెట్టి, చేతికి దొరికిన గ్లాసులో పోసివ్వండి. మా అమ్మ దగ్గర నేను చేసింది ఇదే. రెండు రోజులు అలిగింది. మూడో రోజు కిటికీలో గ్లాసు లేదు. మా ఇంట్లో ఉన్నవి పన్నెండు గ్లాసులు, అందులో అదేదో ఇప్పుడు నాకూ తెలియదు.