ఎటూ తేల్చుకోలేదని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే

చిరంజీవి లావణ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. లీడ్స్ యూనివర్సిటీకి పంపబోయే మెయిల్ చదివాను. విషయమంతా బాగానే రాశావు కానీ, మొదట్లోనే 'ఐయామ్ ఇన్ కన్ఫ్యూజన్' అన్నావు. మన దగ్గర అందరం అనే మాటే అది. అక్కడ నీ మెయిల్ చదివేవాళ్ళకి మాత్రం నీకు కోర్సు వివరాలే అర్థం కాలేదేమో అనిపిస్తుంది. నీకు అన్నీ అర్థమయ్యాయి, లీడ్సా గ్లాస్గోనా అన్నదొక్కటే తేలలేదు. పోనీ అని 'డైలమా' అని కూడా మార్చకు. రెండు దారులూ ఇబ్బందే అయినప్పుడు, ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నప్పుడు, ఆ మాట సరిగ్గా అతుకుతుంది. నీకు వచ్చినవి రెండూ మంచి సీట్లే కదమ్మా.

ఇలాంటప్పుడు వాళ్ళు 'ఆన్ ద ఫెన్స్' అంటారు. కంచె మీదే ఉన్నాను, ఇంకా ఏ వైపూ దిగలేదు అని. 'ఐయామ్ ఆన్ ద ఫెన్స్ అబౌట్ గ్లాస్గో' అంటే చాలు. ఫెన్స్ ముందు 'ద' ఉండి తీరాలి, 'ఎ' పెట్టకూడదు. దేని గురించో చెప్పడానికి 'అబౌట్' రావాలి. ఆ తర్వాత పని పేరు చెప్పాల్సి వస్తే 'అబౌట్ టేకింగ్ ఎ లోన్' అను, లేదా 'అబౌట్ వెదర్ టు టేక్ ఎ లోన్' అను. 'అబౌట్ టు టేక్' అన్నావంటే అర్థమే మారిపోతుంది, ఇక తీసుకోబోతున్నావని అనుకుంటారు. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఇదే మాటకి 'సిట్' చేరిస్తే రంగు మారుతుంది. 'షి ఈజ్ సిటింగ్ ఆన్ ద ఫెన్స్' అంటే చాలాసార్లు అది నింద. ఏదో ఒక వైపు నిలబడాల్సిన మనిషి తప్పించుకుంటోందని. అమెరికా రాజకీయాల్లో ఈ నింద పాతదే. 1884 అధ్యక్ష ఎన్నికల్లో కొందరు రిపబ్లికన్లు సొంత పార్టీ అభ్యర్థి బ్లెయిన్‌ను కాదని డెమొక్రాట్ క్లీవ్‌లాండ్‌ను బలపరిచారు. వాళ్ళకి మగ్‌వంప్‌లని పేరు పెట్టారు. మూతి (మగ్) కంచెకి ఒక పక్క, పిరుదులు (వంప్) ఇంకో పక్క వేసుకుని కూర్చునే పిట్ట అని ఆ పేరు మీద ఒక పరిహాసం కూడా పుట్టింది. నిజానికి వాళ్ళు ఒక వైపు తేల్చుకున్నవాళ్ళే, అయినా ఆ మాట పడ్డారు. మనం గోడ మీద పిల్లి అనే మాటకి దగ్గరగా వచ్చేది ఈ 'సిటింగ్' వాడుకే. కాబట్టి నీ గురించి నువ్వు 'ఐయామ్ ఆన్ ద ఫెన్స్' అను, తప్పులేదు. ఎదుటివాళ్ళని, అందులోనూ ప్రొఫెసర్లని, 'యు ఆర్ సిటింగ్ ఆన్ ద ఫెన్స్' అనకు. ఇంకొకటి, 'క్యాట్ ఆన్ ద వాల్' మన దేశంలోనే చెల్లుతుంది. అక్కడ అంటే ఏ పిల్లి, ఏ గోడ అని చూస్తారు.

నువ్వు వెళ్ళేది బ్రిటన్ కాబట్టి 'ఇన్ టూ మైండ్స్' కూడా నేర్చుకో. నన్నడిగితే అక్కడి కబుర్లలో నీకు అదే ఎక్కువ పనికొస్తుంది, అందులో నింద వాసన లేదు. 'ఐయామ్ ఇన్ టూ మైండ్స్ అబౌట్ ఇట్' అనాలి. 'ఐ హావ్ టూ మైండ్స్' అనొద్దు. అమెరికా వాళ్ళు 'ఆఫ్ టూ మైండ్స్' అంటారు.

మెయిల్‌లో మాత్రం ఈ రెండూ పెట్టకు. ఇవి మాట్లాడుకునే మాటలు. అడ్మిషన్స్ ఆఫీసుకి 'ఐ హావ్ నాట్ యెట్ డిసైడెడ్' అని సూటిగా రాసి, ఎందుకు ఆగావో ఒక వాక్యం, ఏ తేదీలోపు చెబుతావో ఇంకో వాక్యం రాయి. వాళ్ళకి కావలసింది ఆ తేదీ. డిపాజిట్ కట్టడానికి గడువు పెంచమని అడగాలన్నా అందులోనే అడుగు.

నువ్వు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఇఎల్‌టీఎస్‌లో, మాట్లాడే భాగమైన స్పీకింగ్‌లో ఈ మాటలు హాయిగా వాడొచ్చు. మూడో భాగంలో నాలుగైదు నిమిషాలు అభిప్రాయాలే అడుగుతారు. ఊళ్ళో కార్లు నిషేధించాలా అని అడిగారనుకో, 'ఆన్ ద ఫెన్స్' అని ఆగిపోతే నీ ఇంగ్లిష్ వాళ్ళకి వినపడదు. కాలుష్యం తగ్గుతుందని ఒక మాట, బస్సు దొరకని పేటల వాళ్ళ సంగతేమిటని ఇంకో మాట చెప్పి, 'బట్ ఐయామ్ లీనింగ్ టువర్డ్స్' అంటూ కాస్త ఒక వైపు మొగ్గు. నువ్వు ఏ వైపు మొగ్గావన్నదానికి మార్కులుండవు, ఎలా చెప్పావన్నదానికే ఉంటాయి. టెన్షన్ పడకు. రైటింగ్ రెండో టాస్క్‌లో మాత్రం ఈ జాతీయాలు వద్దు, నీ నిర్ణయం మొదటి పేరాలోనే తెలియాలి.

మెయిల్ మళ్ళీ రాసి, పంపే ముందు నాకు చూపించు. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, మూడో భాగం ప్రశ్నలు నేను అడుగుతాను, నువ్వు జవాబులు చెబుదువుగాని.

ప్రేమతో,
పెదనాన్న