మూడో నవల కోసం నగలు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. వరంగల్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. జీతం చేతికి 46,000 రూపాయలు వస్తుంది. మావారి మందుల షాపు మీద నెలకు సుమారు 30,000. ఇంటి అప్పు వాయిదా 17,000తో కలిపి మా ఖర్చు 58,000. నిరుడు నా రెండో నవలను సొంతంగా 500 కాపీలు వేయించాను. 232 పేజీలు, వెల 200. అచ్చుకు 53,000, ఆవిష్కరణ సభకు 31,000, ఖమ్మం, కరీంనగర్, విజయవాడ, హైదరాబాద్ సభలకు తిరగడానికి 22,000, కొరియర్లకు 4,800 అయ్యాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి ఆ డబ్బు పెట్టాను. ఇప్పుడు బ్యాంకులో 90,000 ఉన్నాయి. 120 కాపీలు ఉచితంగా ఇచ్చాను. 90 కాపీలు సభల్లో సగటున 160 చొప్పున అమ్మాను. 180 కాపీలు 40 శాతం కమీషన్ మీద షాపుల్లో వేస్తే, 60 కాపీలకు డబ్బు వచ్చింది. 110 ఇంట్లో ఉన్నాయి. మూడో నవల సిద్ధంగా ఉంది. ఈసారి 1,000 కాపీలు వేయించి హైదరాబాద్‌లో పెద్ద సభ పెట్టాలని, నగల మీద 1,50,000 అప్పు తేవాలని ఉంది. ఒక ప్రచురణకర్త 10 శాతం రాయల్టీ ఇస్తామన్నారు కానీ, 300 కాపీలు నేనే 40 శాతం తగ్గింపుతో కొనాలట. ఏది మేలు? ఈ ఖర్చులు చూపించి జీతం మీద పన్ను తగ్గించుకోవచ్చా?

జవాబు: అప్పు వద్దు. నవల మానొద్దు. లెక్క ఒకసారి కలిసి చూద్దాం.

మీకు మొత్తం అయిన ఖర్చు 1,10,800. చేతికి వచ్చింది సభల్లో 14,400, షాపుల నుంచి 7,200, వెరసి 21,600. షాపుల్లో ఇంకా 120 కాపీలున్నాయి. వాటిని చాలామంది రచయితలు 200 చొప్పున 24,000 అని మనసులో రాసుకుంటారు. కమీషన్ పోను మీకు వచ్చేది కాపీకి 120, అదీ అమ్ముడైతేనే. అన్నీ అమ్ముడయ్యాయనే అనుకుందాం, 14,400. ఇంట్లో ఉన్న 110 కాపీలూ 160 చొప్పున పోయాయనుకుందాం, 17,600. అప్పుడు మీ మొత్తం రాబడి 53,600. అచ్చు ఖర్చు 53,000. అంటే ఆఖరి కాపీ దాకా అమ్ముడైనా అచ్చు డబ్బులు మాత్రమే వెనక్కి వస్తాయి, పైన 600 మిగులుతుంది. సభ, ప్రయాణాలు, కొరియర్లు కలిపి 57,800 ఏ దారిలోనూ తిరిగి రాదు. మీ నవల ఆడలేదని కాదు దీని అర్థం. తిరిగొచ్చే దారి లేని చోట సగానికి పైగా డబ్బు పెట్టారు, అంతే.

ఇప్పుడు ఆ అప్పు సంగతి. నూటికి నెలకు రూపాయి వడ్డీకే దొరికిందనుకున్నా 1,50,000 మీద ఏడాదికి 18,000. షాపు నుంచి కాపీకి 120 వస్తుంది కాబట్టి, ఒక్క వడ్డీ కోసమే 150 కాపీలు అమ్మాలి. గత నవలకు మీకు డబ్బు ముట్టిన కాపీలన్నీ కలిపితే 150. అసలు అలాగే ఉంటుంది. నగల అప్పుల్లో చాలావాటికి ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ కలిపి ఒకేసారి కట్టాలి. కట్టలేనివాళ్ళు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. రెండో ఏడు అదీ కుదరకపోతే వేలం నోటీసు వస్తుంది. షాపులు లెక్క తేల్చే తేదీకి, బ్యాంకు వాయిదా తేదీకి ఎప్పుడూ పొంతన కుదరదు.

ఇంకో మాట. నెల ఖర్చు 58,000 ఉన్న ఇంట్లో 90,000 నిల్వ అంటే నెలన్నరకు మించి రాదు. మీవారిది షాపు రాబడి అన్నారు, అది ఏ నెలకానెల మారేదే. కనీసం ఐదు నెలల ఖర్చు, అంటే 2,90,000 పక్కన ఉండాలి. మీకు నెలకు 18,000 మిగులుతోంది. అందులో 12,000 రికరింగ్ డిపాజిట్‌లోకో లిక్విడ్ ఫండ్‌లోకో మళ్ళిస్తే 17 నెలల్లో ఆ లోటు పూడుతుంది. 3,000 ఆరోగ్య బీమా ప్రీమియం, ఇంటి మరమ్మతుల వంటి వాటికి. మిగిలిన 3,000 పుస్తకానిది. దానికి వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. అమ్మకాల యూపీఐ దానికే కట్టండి, ప్రింటరుకు డబ్బు దాని నుంచే ఇవ్వండి. ఆ ఖాతాలో లేని డబ్బుతో ఏ సభకూ వెళ్ళకూడదన్నది ఒక్కటే నియమం. ఏడాదికి 36,000, దాని మీద పాత నవల అమ్మకాలు. మూడో నవలకు అది చాలు, ఎలాగో చెబుతాను.

మీరు పంపిన రెండు కొటేషన్లలో ఆఫ్‌సెట్‌లో 1,000 కాపీలు, కాపీకి 66 చొప్పున 66,000. డిజిటల్‌లో 200 కాపీలు, 104 చొప్పున 20,800. కాపీకి 38 ఎక్కువ కాబట్టి డిజిటల్ దండగ అనిపిస్తుంది. 200 కాపీల మీద ఆ తేడా 7,600. దాన్ని ఏడాది వడ్డీ 18,000తో పోల్చి చూడండి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకు, మిషన్ సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు కాపీల సంఖ్యతో మారదు, అందుకే ఎక్కువ వేస్తే చవక. ఆ చవక అమ్ముడైన కాపీకే వర్తిస్తుంది. మంచం కింద ఉన్న కాపీకి 66 కూడా ఎక్కువే. 200 అయిపోతే మళ్ళీ 100 వేయించుకోండి. మూడు నెలల్లో 300 దాటితే అప్పుడు ఆఫ్‌సెట్ గురించి మాట్లాడదాం.

పేజీల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. ఆఫ్‌సెట్‌లో ఫారం అంటే 16 పేజీలు. మీ 232 పేజీలు పద్నాలుగున్నర ఫారాలు. ఆ అర ఫారం కోసం విడిగా ప్లేటు, విడిగా కాగితం. కొత్త నవల ఎప్పుడైనా ఆఫ్‌సెట్‌కు వెళ్ళవచ్చు కాబట్టి కంపోజింగ్ దశలోనే 224కు కుదించేయండి. ఇది పోస్టు ఖర్చులోనూ కలిసొస్తుంది. డెమ్మీ 1/8 సైజులో 224 పేజీలు 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద వేస్తే అట్టతో కలిపి దాదాపు 255 గ్రాములు తూగుతుంది. తపాలా శాఖ పుస్తకాల కోసం 2025 మేలో మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. పల్చటి కవరు వేసినా ఆ లోపే ఉంటుంది. అదే పుస్తకం 80 జీఎస్ఎమ్ మీద వేస్తే 290 దాకా వస్తుంది, కవరుతో కలిపి పై శ్లాబులోకి పోతుంది. పుస్తకంలో ప్రింటరు లేదా ప్రచురణకర్త పేరు అచ్చయి ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. మీరు నిరుడు 80 కాపీలు కొరియర్లో పంపి ఉంటే ఒక్కోదానికి 60 పడింది.

కంపోజింగ్ 6,700, ముఖచిత్రం 5,000, అచ్చు 20,800, అన్నీ కలిపి 32,500. మీ పుస్తకం ఖాతాలో ఏడాదికి పడే 36,000లో సరిపోయింది. కొటేషన్ జీఎస్టీతో కలిపి అడగండి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి ప్రింటరుకు కట్టిన పన్ను మీకు వెనక్కి రాదు, అది ఖర్చులో భాగమే. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) కోసం ఎవరికీ డబ్బు ఇవ్వకండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది, కాకపోతే అచ్చుకు ముందే దరఖాస్తు పెట్టాలి. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమెరాకు, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి 30 రోజుల్లో ఒక్కో కాపీ పంపాలి. మీరే ప్రచురణకర్త కాబట్టి ఆ బాధ్యత మీదే. ఈ నాలుగూ కలిపి ఉచిత కాపీలు 40 దాటనివ్వకండి. నిరుడు ఇచ్చిన 120 కాపీల ఖరీదు 12,720, పైన కొరియరు. చదువుతారని ఇచ్చినవి ఎన్నో, మొహమాటానికి ఇచ్చినవి ఎన్నో మీకే తెలుసు.

ఇక సభ. మీరు పంపిన చిట్టాలో హాలు 6,000, మైకు, వీడియో 7,500, ఫ్లెక్సీ, ఆహ్వానాలు 2,500, శాలువాలు, జ్ఞాపికలు 5,000, టిఫిన్ 6,000, అతిథుల కార్లు 4,000. ఆ రోజు అమ్ముడైనవి 34. వేదిక మీద ఆరుగురు వక్తలు, మూడు గంటల సభ అని మీరే రాశారు. పుస్తకం కొనాలన్న కోరిక మంచి ప్రసంగం ముగిసిన పది నిమిషాల్లో ఉంటుంది. నాలుగో వక్త దగ్గరకొచ్చేసరికి జనం బస్సు వేళ చూసుకుంటారు, వందన సమర్పణ అయ్యాక నేరుగా టిఫిన్ దగ్గరకు పోతారు. ఇద్దరే మాట్లాడాలి, గంటన్నరలో ముగియాలి. మీ మాటలయ్యాక విరామం, బల్ల తలుపు దగ్గర, దాని వెనక మీ విద్యార్థి ఒకరు, క్యూఆర్ కోడ్ పెద్దగా, చిల్లరకు 50 రూపాయల నోట్లు. రచయిత్రి వేదిక మీద, బల్ల దగ్గర ఎవరూ లేరు అన్న దృశ్యం మన సాహిత్య సభల్లో మామూలే. వీడియో మానేయండి, ఫోను చాలు. కాలేజీ సెమినార్ హాలు సెలవు రోజున అడిగి చూడండి. 7,000లో సభ అవుతుంది. మొదటిది వరంగల్‌లోనే పెట్టండి.

ఊరూరా తిరగడం మానమని చెప్పను, పాఠకులు అక్కడే పుడతారు. ఒక్కో ప్రయాణాన్ని కాపీల్లోకి మార్చి చూసుకోండి. పాత నవలనే 160కి అమ్మితే, ఆ స్థానంలో మరో కాపీ వేయించడానికి 106 (మీ నిరుటి అచ్చు ధర) పోను మిగిలేది 54. ఇద్దరు కారులో వెళ్ళి 4,500 అయితే 84 కాపీలు అమ్మాలి. ఒక్కరే రైల్లో 1,200తో వెళ్ళి వస్తే 23 చాలు. ఆహ్వానం రాగానే ఫోనులో మూడు అడగండి: దారి ఖర్చులు ఇస్తారా, పుస్తకాల బల్ల ఉంటుందా, ఎవరు అమ్ముతారు. అడగడానికి సిగ్గుపడకండి, నిర్వాహకులకూ ఇది తెలిసిన విషయమే. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో వస్తాయి. అక్కడ సొంత స్టాలు అద్దె మీ లాంటి ఒకటి రెండు పుస్తకాల రచయితకు గిట్టదు. నలుగురైదుగురు రచయితలు కలిసి పంచుకోండి, లేదా వేరొకరి స్టాలులో 20 కాపీలు ఉంచండి. మీ నవల విడుదలను నవంబరుకు జరిపితే ఆ రెండు ప్రదర్శనలకూ కొత్త పుస్తకంగా అందుతుంది.

ప్రచురణకర్త షరతు. 300 కాపీలు, కాపీకి 120, అంటే 36,000 మీరు ముందుగా చెల్లిస్తారు. 1,000 కాపీలూ 200 వెలకు అమ్ముడుపోతే మీ రాయల్టీ 20,000. అచ్చులో సగానికి పైగా డబ్బు మీదే, పంపిణీ భారంలో దాదాపు మూడో వంతు మీ ఇంట్లోనే. ఆ ఒక్క షరతు తీసేస్తే మాత్రం సొంత అచ్చు కంటే అదే మేలు, 10 శాతం తక్కువని చిన్నబుచ్చుకోకండి. మీ జేబులోంచి పైసా పోదు. ఒప్పందంలో కాలపరిమితి రాయించండి. రాయకపోతే కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్ళుగా లెక్కగడుతుంది. ఆడియో, సినిమా, అనువాద హక్కులు మీ దగ్గరే ఉన్నాయని విడిగా రాయాలి. ఆరు నెలలకోసారి అమ్మకాల లెక్క ఇవ్వాలని కూడా.

పన్ను విషయంలో నిరాశపరచక తప్పదు. సొంతంగా వేసి అమ్మినది వ్యాపార ఆదాయం. అందులో వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. గడువులోగా రిటర్ను వేస్తే ఎనిమిదేళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళి తర్వాతి పుస్తకం లాభంలో సర్దుకోవచ్చు, అందుకు ఐటీఆర్-1 కాకుండా ఐటీఆర్-3 వేయాలి, బిల్లులు ఉండాలి. రచయితలకు రాయల్టీ మీద 3 లక్షల దాకా మినహాయింపు 80క్యూక్యూబీ అని వినే ఉంటారు. అది పాత పన్ను విధానంలోనే, అదీ ప్రచురణకర్త ఇచ్చే రాయల్టీకే. మీ జీతానికి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉండగా దాని అవసరమే పడదు. రాయల్టీ ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. 180 కాపీలు వేసిన ప్రతి షాపుకూ ఫోను చేసి ఎన్ని ఉన్నాయో, ఎన్ని అమ్ముడయ్యాయో వాట్సాప్‌లో రాయించుకోండి. వేసినప్పుడు చలానా (పుస్తకాలు అప్పగించినట్టు రసీదు) రాసుకున్నారా? లేకపోతే ఇప్పుడైనా రెండు ప్రతులు రాసి సంతకం పెట్టించండి: తేదీ, కాపీలు, వెల, కమీషన్, మూడు నెలలకోసారి లెక్క, వెనక్కి పంపే ఖర్చు ఎవరిది. చలానా లేని చోట ఉద్యోగి మారితే మీ పుస్తకాలు ఎవరివో చెప్పేవారు ఉండరు. ఆరు నెలల్లో ఒక్కటీ అమ్ముడవని షాపు నుంచి కాపీలు వెనక్కి తెచ్చుకుని నవంబరు సభ బల్ల మీద పెట్టండి, అట్టలు వెలిసిపోకముందే.