గిటార్ మీద టెంపో (వేగం) నిమిషానికి 120 బీట్లు ఉన్నా కంట్రీ (అమెరికా పల్లె బాణీ) ప్రేమపాటలో హుషారు రావట్లేదంటే

తప్పు టెంపోది కాదు, మీ కుడిచేతిది. జి, సి, డి కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) సరిగ్గా పడుతున్నా, నాలుగు బీట్లకీ ఆరు తీగలూ ఒకే బరువుతో మీటితే పాట నడుస్తుంది గానీ గంతులెయ్యదు.

1వ, 3వ బీట్లకి ఒక్క బేస్ (లావు) తీగే. జి కార్డుకి ముందు ఆరోది (అన్నిటికన్నా లావుది), తర్వాత నాలుగోది. సి కి ఐదు, నాలుగు. డి కి నాలుగు, ఐదు.

2వ, 4వ బీట్లకి సన్న తీగలు మూడూ, తేలిగ్గా.

చాలామంది వదిలేసేది ఇక్కడే: ఆ మూడూ మోగీమోగగానే అరచేతి అంచుతో ఆపెయ్యాలి. లేకపోతే తర్వాతి బేస్ ఆ మోతలో మునిగిపోతుంది. ఆ చిటికెడు నిశ్శబ్దమే వినేవాళ్ల కాలు ఆడిస్తుంది.

ముందు 80 దగ్గర కుదిరాకే 120.

ఇక పాట మాటల సంగతి: పల్లవిలో ప్రాణం, జన్మ లాంటి బరువు మాటలు తగ్గించి, వాకిట్లో ఆగిన పికప్ ట్రక్కులాంటిది ఒకటి పెట్టండి. కంట్రీ పాటల్లో అరిగిపోయిన పోలికే, అయినా పనిచేస్తుంది.