మర్నాటి నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణమా?

ప్రశ్న: గట్టిగా పరుగెత్తిన మర్నాడు తొడలు, పిక్కలు పట్టేస్తున్నాయి. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లేనంటారు. మర్దన చేస్తే అది పోతుందా?

జవాబు: ఈ నింద చాలా పాతది, తప్పు కూడా. పరుగు ఆపాక సుమారు గంటలోపే రక్తంలో లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం) మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువవుతుంది. అప్పటికి లేని పదార్థం నొప్పి ఎలా పుట్టిస్తుంది? అలవాటు లేని శ్రమకు కండర తంతువుల్లో సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది, దానికి స్పందనగా వాపు వస్తుంది. అసలు నొప్పి అదే. వాలు మీదుగా కిందికి పరుగెత్తి చూడండి: ఆయాసం తక్కువ, లాక్టేట్ తక్కువ, మర్నాటి నొప్పి మాత్రం ఎక్కువ. సాగుతూ బరువు మోసే కండరానికే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

నిజానికి లాక్టేట్ చేసేది మేలే. కణద్రవ్యంలో ఒక గ్లూకోజ్ అణువు రెండు పైరువేట్‌లుగా విడిపోతుంది. నికరంగా 2 ఏటీపీలు (కణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తి అణువులు) దక్కుతాయి. ఈ పని సాగాలంటే ఎన్ఏడీ అనే సహాయక అణువు ఖాళీగా దొరుకుతూ ఉండాలి. పైరువేట్ లాక్టేట్‌గా మారేటప్పుడు ఆ ఎన్ఏడీ తిరిగి విడుదలవుతుంది. అది జరగకపోతే గ్లూకోజ్ విచ్ఛిన్నం అక్కడే నిలిచిపోతుంది. తయారైన లాక్టేట్ కూడా వృథా కాదు. గుండె, పక్కనున్న కండర తంతువులు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. కాలేయం కొంత తీసుకుని మళ్లీ గ్లూకోజ్ చేస్తుంది. ఈ దారిని వివరించిన కోరీ దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది.

మర్దన హాయినివ్వొచ్చు కానీ, మర్నాటికి తీసేయడానికి అక్కడ లాక్టేట్ ఉండదు. లాక్టేట్ త్వరగా తగ్గాలంటే పరుగు ఆపిన వెంటనే కూలబడకుండా 10, 15 నిమిషాలు మెల్లగా నడవండి. నొప్పి భరించలేనంతగా ఉండి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. కండరం బాగా దెబ్బతిని, అందులోని పదార్థాలు మూత్రపిండాలకు చేరుతున్నాయేమో చూడాలి.

ప్రశ్న: 100 మీటర్ల పరుగుకు ఆక్సిజన్‌తో పనిలేదని చదివాను. మరి ఆగాక అంతసేపు ఎందుకు రొప్పుతాం?

జవాబు: కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకే చాలుతుంది. ఆపైన, ఏటీపీని వెంటనే తిరిగి తయారుచేసే నిల్వ అయిన క్రియాటిన్ ఫాస్ఫేట్ సుమారు 10 సెకన్ల దాకా ఆదుకుంటుంది. ఈలోపే గ్లూకోజ్ విచ్ఛిన్నమూ ఊపందుకుంటుంది. ఆక్సిజన్‌తో ఏటీపీ తయారుచేసే కణభాగమైన మైటోకాండ్రియా కూడా మొదటి అడుగు నుంచే పనిలో ఉంటుంది, కాకపోతే ఆక్సిజన్ వాడకం అవసరానికి తగ్గట్టు పెరగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఒక దారి మూసుకున్నాకే ఇంకోటి తెరుచుకుంటుందనుకోవద్దు. అన్నీ కలిసే నడుస్తాయి, వాటాలే మారతాయి.

ఆగాక క్రియాటిన్ ఫాస్ఫేట్ మళ్లీ నిండాలి. అందుకు ఏటీపీ కావాలి, దాన్ని ఆక్సిజన్‌తోనే చేసుకోవాలి. ఒళ్లు వేడిగా ఉంటుంది, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. పైగా రక్తంలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత శ్వాసను తరుముతుంటాయి. వేగం కోసం సాధన చేసేవారు పరుగుకీ పరుగుకీ మధ్య 3 నుంచి 5 నిమిషాలు ఆగాలి. అర నిమిషంలో ఆ నిల్వ సగమే నిండుతుంది, అందుకే తొందరపడితే రెండో పరుగు మందగిస్తుంది.

ప్రశ్న: ఒక గ్లూకోజ్‌కు ఒక పుస్తకంలో 38 ఏటీపీలు, ఇంకోదాంట్లో 32. ఏది సరి?

జవాబు: 30 నుంచి 32 సరైన అంచనా. గ్లూకోజ్ విచ్ఛిన్నంలో వచ్చే ఎలక్ట్రాన్లను ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 అనే అణువులు మోసుకెళ్తాయి. పాత లెక్కలో ఒక్కో ఎన్ఏడీహెచ్‌కు 3, ఎఫ్ఏడీహెచ్2కు 2 ఏటీపీలు వేశారు. 10 ఎన్ఏడీహెచ్‌కు 30, రెండు ఎఫ్ఏడీహెచ్2కు 4, నేరుగా వచ్చేవి 4, వెరసి 38. ఇప్పుడు వాటికి 2.5, 1.5 చొప్పున వేస్తారు: 25, 3, 4 కలిపి 32. కణద్రవ్యంలోని ఎన్ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియాలోకి ఏ దారిన చేరాయన్నదాన్ని బట్టి ఇంకో రెండు తగ్గొచ్చు. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకంలోని సంఖ్యే రాసి, పక్కన ఈ లెక్క వేసి చూపండి.