స్కానర్‌లో లైటు వెలుగుతున్నా కంప్యూటర్ గుర్తించడం లేదా? ముందు వైరు చూడండి

వేలిముద్రల స్కానర్ పెట్టగానే యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించలేదన్న సందేశం, కోడ్ 43 అనే లోపం సంఖ్య వస్తున్నాయని, డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాం) నాలుగుసార్లు వేసినా లాభం లేదని మీరు రాశారు. విండోస్ కొత్తగా వేయించాలా అని అడిగారు. వద్దండీ, కాస్త ఆగండి. నేను సరిగ్గా ఆ పనే చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

విద్యానగర్‌లో నాకు చిన్న ఆన్‌లైన్ సేవల దుకాణం ఉంది. నవంబరు వచ్చిందంటే పింఛనుదారులు వేలిముద్ర వేసి తీసుకునే జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నారనే ధ్రువీకరణ) పత్రం కోసం పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. నిరుడు ఆ రోజుల్లోనే స్కానర్ మొరాయించింది. ఎర్ర లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. లైటు ఉంది కదా, లోపం డ్రైవర్‌దే అనుకుని దాన్ని తీసి మళ్ళీ వేశాను. ఆధార్ వేలిముద్రలకు కావలసిన ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం కూడా వేశాను. ఒకసారి పనిచేసింది, అరగంటకు మళ్ళీ పోయింది. రామ్‌నగర్ నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు కొంగుతో వేలు తుడుచుకుని, అద్దం మీద ఆనించి, నా ముఖం వంక చూస్తూ ఉండిపోయారు. ఆవిడను రెండుసార్లు ఉత్త చేతులతో పంపాల్సి వచ్చింది. ఆ రాత్రి విండోస్ కూడా కొత్తగా వేశాను. ఏ మార్పూ లేదు.

మర్నాడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మరమ్మతులు చేసే ఒకాయనకు చూపించాను. ఆయన దాన్ని కంప్యూటర్‌కు పెట్టనే లేదు. ప్లగ్ మొదట్లో వైరును రెండు వేళ్ళతో వంచి చూశారు. బెత్తెడు దూరంలో కత్తిరించి, ఒక్కో తీగకూ దాని పిన్నుకూ మధ్య మల్టీమీటర్ పెట్టారు. తీగ తెగకుండా ఉంటే అది బీప్‌మంటుంది. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ పలికాయి. తెలుపు పలకలేదు. ప్లగ్‌ను పక్కకు వంచితే ఒక్క క్షణం బీప్‌మని ఆగిపోయింది.

ఎరుపు, నలుపు తీగలు 5 వోల్టుల కరెంటు మోస్తాయి. అవి బాగున్నాయి కాబట్టే లైటు వెలిగింది. సమాచారం నడిచేది ఆకుపచ్చ, తెలుపు తీగల మీద. ఏదో పరికరం వచ్చి చేరిందని ఇలాంటి స్కానర్ల విషయంలో కంప్యూటర్‌కు ఆకుపచ్చ తీగ ద్వారానే తెలుస్తుంది. వెంటనే అది ‘నువ్వెవరు’ అని అడుగుతుంది. జవాబు రావాలంటే రెండు తీగలూ కావాలి. ఆ జవాబు 18 బైట్ల చిన్న చీటీ, పేరు డివైస్ డిస్క్రిప్టర్. తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య అందులో ఉంటాయి. విండోస్ డ్రైవర్‌ను వెతికేది వాటిని బట్టే. చీటీయే అందకపోతే డ్రైవర్‌కు పని ఎక్కడిది?

మరి మధ్యలో ఒకసారి ఎలా పనిచేసిందంటారా? డ్రైవర్ వేసేటప్పుడు వైరు పీకి మళ్ళీ పెడతాం. ఆ కదలికకు తెగిన తీగ కాసేపు అంటుకుంది. డ్రైవర్ వల్లే బాగైందని నేను నమ్మాను. నా రెండు రోజులను తినేసింది ఆ నమ్మకమే.

మీరు ముందు విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీలు చూడండి. వీఐడీ అంటే తయారీదారు సంఖ్య, పీఐడీ అంటే పరికరం సంఖ్య. వీఐడీ_0000, పీఐడీ_0002 అని ఉంటే చీటీ అందలేదన్నమాట, డ్రైవర్ జోలికి వెళ్ళకండి. అసలు సంఖ్యలు ఉండి కోడ్ 28 కనిపిస్తే డ్రైవర్ లేదని అర్థం, అప్పుడు వేయండి. సున్నాలు కనిపించినంత మాత్రాన తప్పు స్కానర్‌దే అనుకోనక్కర లేదు. హబ్, పొడిగింపు వైరు తీసేసి సీపీయూ వెనక సాకెట్‌లో నేరుగా పెట్టండి, ఆ తర్వాత మరో కంప్యూటర్‌లో. అక్కడా సున్నాలే వస్తే ప్లగ్ మొదట్లో వైరును మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడండి. ఒక్క క్షణమైనా కంప్యూటర్ గుర్తిస్తే తీగ అక్కడ తెగిందన్నమాట.

నాకు కొత్త ప్లగ్ వేసి 250 రూపాయలు తీసుకున్నారు. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్, స్కానర్ పట్టుకుని రామ్‌నగర్ వెళ్ళి, ఆ టీచరుగారి పత్రం వాళ్ళింట్లోనే పూర్తి చేసి వచ్చాను. మీది ప్లగ్ దగ్గర కాక స్కానర్ డబ్బా వైపు తెగి ఉంటే మాత్రం డబ్బా విప్పకండి, కంపెనీ సర్వీస్ కేంద్రానికే ఇవ్వండి.