సెలవులకు ఇంటికి వెళ్లే మేనకోడలికి

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బతుకమ్మ సెలవులకు జమ్మికుంట వెళ్తున్నావని, ప్రాజెక్టు పని ఇంటి కంప్యూటర్ మీద చేసి కాలేజీ సర్వర్‌కు పంపుతావని మీ అమ్మ చెప్పింది. వెళ్లేముందు ఈ నాలుగు మాటలు చదువు.

నేను కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసిన రోజుల్లో పెద్ద యంత్రం నుంచి పీసీకి కెర్మిట్ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ సాయంతో ఫైళ్లు తెచ్చుకునేవాళ్లం. విద్యార్థులు తమ ఫైళ్లను ఫ్లాపీల మీద దాచుకోవడానికని 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో తయారైన పద్ధతి అది. సెకనుకు 9600 బిట్ల తీగ మీద 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఒక్కటి నిండాలంటే 25 నిమిషాలు దాటేది. అయినా దానిమీద నాకు గౌరవం. సమాచారాన్ని చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ సరిచూసే సంఖ్య జతచేసి, తేడా వస్తే ఆ ముక్కనే మళ్లీ పంపేది.

ఒక సాయంత్రం కుదించిన ఫైలును టెక్స్ట్ పద్ధతిలో తెచ్చి, అసలుదాన్ని అక్కడ చెరిపేశాను. ఇంటికొచ్చి చూస్తే తెరుచుకోలేదు. మూడు నెలల పని పోయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తప్పు ఎక్కడుందో విను. విండోస్‌లో పంక్తి చివర రెండు గుర్తులుంటాయి, యూనిక్స్‌లో ఒకటే. ఐబీఎం పెద్ద యంత్రాల్లో అక్షరాల సంఖ్యలే వేరు: మామూలు కంప్యూటర్లు అక్షరాలకు వాడే ఆస్కీ అనే సంఖ్యల పట్టికలో పెద్ద ‘ఎ’ 65 అయితే, వాటి పట్టిక ఎబ్సిడిక్‌లో 193. టెక్స్ట్ పద్ధతి ఈ తేడాలను సరిదిద్దుతూ పోతుంది. పాఠానికి అది మేలే, జిప్ ఫైలుకూ ఫొటోకూ మాత్రం చేటు. అలాంటి వాటికి ఎప్పుడూ ఏదీ మార్చకుండా ఉన్నదున్నట్టు పంపే బైనరీ పద్ధతే వాడు.

ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ జోలికి వెళ్లకు. అందులో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా తీగ మీద పోతుంది. అన్నీ రహస్య లిపిలో పంపే ఎస్‌ఎఫ్‌టీపీ వాడు. మొదటిసారి కలిసినప్పుడు సర్వర్ వేలిముద్ర, అంటే దాన్ని గుర్తుపట్టే అక్షరాల వరుస, చూపించి నమ్మమంటావా అని అడుగుతుంది. ల్యాబ్‌లో అడిగి సరిపోల్చుకోవడానికి ఆ వేలిముద్రను కాగితం మీద రాసుకుని వెళ్లు. బయటి నుంచి కలవడానికి వీపీఎన్, అంటే కాలేజీ నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి, కావాలేమో కూడా అప్పుడే కనుక్కో. సెలవుల్లో ఫోన్ ఎత్తేవాళ్లు ఉండకపోవచ్చు.

పేర్ల దగ్గరా జాగ్రత్త. లినక్స్ సర్వర్‌లో పెద్దక్షరాల పేరు, చిన్నక్షరాల పేరు రెండు వేర్వేరు ఫైళ్లు. రెండూ నీ విండోస్ యంత్రంలోకి వస్తే ఒకటి మరొకదాని మీద పడి చెరిపేయవచ్చు.

ఒక గిగాబైట్ ఫైలు సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో ఎక్కాలంటే 13 నిమిషాలకు పైనే. మధ్యలో కరెంటు పోతుందనే అనుకుని ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ వాడు. అందులో పార్షియల్ అనే ఆప్షన్ పెడితే అప్పటికి చేరిన భాగం నిలిచి ఉంటుంది.

చివరిగా, తల్లీ, ఇది మాత్రం మరువకు. పంపిన తర్వాత రెండు చోట్లా ఆ ఫైలుకు షా-256 లెక్క, అంటే ఫైలులో ఉన్నదంతా బట్టి వచ్చే గుర్తింపు వరుస, తీయి. 64 అక్షరాల వరుస వస్తుంది. రెండూ అచ్చంగా కలిస్తేనే చేరినట్టు. సైజు సరిపోయిందని ఊరుకోవద్దు. కలిసినా సరే, ప్రాజెక్టు మార్కులు వచ్చేదాకా ఇంట్లోది చెరపకు, పెన్‌డ్రైవ్‌లో మరో ప్రతి ఉంచు.

శనివారం రైలెక్కే ముందు ల్యాప్‌టాప్‌తో మా ఇంటికి రా. ఒక చిన్న ఫైలు పంపి, లెక్క తీసి, ఇద్దరం కలిసి చూద్దాం. అత్తయ్య సకినాలు చేసి పెడతానంది.

మీ మామయ్య