లాంగ్ జంప్ నుంచి బయోమెకానిక్స్‌కు: ప్లస్ వన్ అమ్మాయి ఏ చదువు ఎంచుకోవాలి?

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటున్నాము. మావారు రైల్వేలో పని చేస్తారు. మా అమ్మాయి ప్లస్ వన్‌లో (పదకొండో తరగతి) మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. లాంగ్ జంప్‌లో జిల్లా స్థాయి పతకం తెచ్చుకుంది. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, స్పోర్ట్స్ బయోమెకానిక్స్ చదువుతానంటోంది. మావారేమో ఆట స్పోర్ట్స్ కోటాకు పనికివస్తే చాలు, చదువు మాత్రం ఇంజనీరింగే అంటున్నారు. బయోమెకానిక్స్ అన్నం పెట్టే చదువేనా?

సమాధానం:

అమ్మా, మీ అమ్మాయి కోరికకూ మీవారి పట్టుదలకూ మధ్య మీరు అనుకుంటున్నంత దూరం లేదు. బయోమెకానిక్స్ అంటే శరీర కదలికలనూ, వాటి వెనుక ఉన్న బలాలనూ లెక్కగట్టే శాస్త్రం. దానికి ఆటల చదువన్న పేరు పడింది కానీ, దాని లోపల ఉన్నది చాలావరకు మెకానిక్సే: న్యూటన్ సూత్రాలు, వెక్టర్లు, కాలిక్యులస్, వాటికి తోడు ఎముకలు, కండరాల నిర్మాణం. కాబట్టి డిగ్రీలో గణితాన్ని వదలకుండా చదివి, మాస్టర్స్‌లో బయోమెకానిక్స్‌లో ప్రవేశించడమే ఆమెకు మేలైన దారి అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఆమె ఆటనే తీసుకుంటాను. ఈ భాగం ఆమె చేతనే చదివించండి.

విసిరిన వస్తువు బయలుదేరిన ఎత్తులోనే నేలను తాకితే, 45 డిగ్రీల కోణంలో విసిరినప్పుడు అన్నిటికన్నా దూరం వెళుతుందని ఫిజిక్స్ పాఠంలో చదువుకుంటారు. అయితే ప్రపంచ స్థాయి జంపర్లు నేలను విడిచే కోణం సుమారు 18 నుంచి 22 డిగ్రీలే. పాఠం తప్పు కాదు. 45 డిగ్రీల్లో లేవాలంటే ముందుకు ఎంత వేగం ఉందో పైకీ అంతే వేగం ఉండాలి; ముందుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో ఉన్నవాడు పైకి కూడా అదే వేగం సాధిస్తే అతని శరీర గురుత్వ కేంద్రం (శరీర బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) 4 మీటర్లకు పైగా లేవవలసి ఉంటుంది, అది మనిషి కాళ్లకు సాధ్యం కాదు. మేటి పురుష జంపర్‌కు పైకి దొరికే వేగం సెకనుకు దాదాపు 3.3 మీటర్లు, అంటే గురుత్వ కేంద్రం లేచేది సుమారు 55 సెంటీమీటర్లు. ముందుకు 8.8 మీటర్ల వేగం మిగిలి ఉంటే అతడు గాలిలో ఉండే సమయం 0.8 సెకను చుట్టుపక్కల వస్తుంది. ఈ లెక్కను మీ అమ్మాయి కాగితం మీద చేసి చూడాలి. దాదాపు 7 మీటర్ల దూరం గాలిలోనే వస్తుందనీ, మిగిలినది బోర్డు (చివరి అడుగు మోపి పైకి లేచే పలక) దగ్గర శరీరం పాదం కన్నా ముందుకు వాలి ఉండడం వల్లా, ఇసుకలో మడమలు శరీరం కన్నా ముందు పడడం వల్లా వస్తుందనీ ఆమెకే తెలుస్తుంది.

పైకి వేగం దొరికేది 20 సెంటీమీటర్ల వెడల్పున్న బోర్డు మీద, దాదాపు 0.12 సెకనులో. అసలు విద్య అంతా అక్కడే ఉంది. చివరి అడుగుకు ముందు వేసే అడుగును కాస్త పొడవుగా వేసి జంపర్ తన గురుత్వ కేంద్రాన్ని కిందికి దించుతాడు. ఆ పైన చివరి అడుగును పొట్టిగా, కాలిని దాదాపు నిటారుగా, శరీరం కన్నా ముందు నాటుతాడు. దూసుకొస్తున్న శరీరం నాటిన ఆ పాదం మీదుగా తిరుగుతూ పైకి లేస్తుంది. అందుకు మూల్యంగా ముందుకున్న వేగంలో సెకనుకు ఒక మీటరు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పోతుంది. ఆ క్షణంలో శరీర బరువుకు అనేక రెట్ల బలం కాలి మీద పడుతుంది, మోకాలు మడవకుండా కండరాలు దాన్ని అడ్డుకోవాలి. ఎంత వేగం వదులుకుంటే ఎంత ఎత్తు దక్కుతుంది, ఆ మారకం ఏ క్రీడాకారిణికి ఎక్కడ లాభసాటి అన్నది కొలిచి చెప్పడమే బయోమెకానిక్స్ నిపుణుల పని.

పరుగులో మరో విశేషం ఉంది, నాకు ఈ శాస్త్రం మీద మక్కువ పెరిగింది దాని వల్లనే. అడుగులు లెక్క పెట్టి కంఠస్థం చేసినట్టు పరుగెత్తితే బోర్డు దొరుకుతుందని చాలామంది కోచ్‌లు నమ్మేవారు. 1982లో లీ, లిష్మన్, థామ్సన్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం, నిపుణులైన జంపర్లు సైతం చివరి కొన్ని అడుగులను కంటిచూపుతో సరిచేసుకుంటారని చూపించింది. కొలత చేతికి వస్తే శిక్షణ పద్ధతే మారుతుంది.

ఆ కొలత ఎంత సూక్ష్మమో చూడండి. 2023లో మన లాంగ్ జంపర్ జెస్విన్ ఆల్డ్రిన్ 8.42 మీటర్లతో జాతీయ రికార్డు నెలకొల్పితే, అదే సంవత్సరం మరో భారత జంపర్ శ్రీశంకర్ 8.41 దూకాడు, తేడా ఒక్క సెంటీమీటరు. ఆ శ్రీశంకరే 2024లో మోకాలి గాయంతో పారిస్ ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు. కాలి మీద పడే భారాన్ని రోజువారీగా లెక్కగట్టే మనుషులు మన మైదానాల్లో ఇంకా చాలా పెరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక చదువు మాట. ప్లస్ టూ తరువాత బయోమెడికల్ లేదా మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరడం మీ ఇంటి పరిస్థితికి తగిన మొదటి అడుగు. గిండీలోని అన్నా విశ్వవిద్యాలయంలో బయోమెడికల్ ఇంజనీరింగ్ ఉంది; తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో క్రీడాకారులకు ప్రత్యేక కోటా కూడా ఉంది కాబట్టి ఆమె సర్టిఫికెట్లన్నీ జాగ్రత్తగా దాచండి. ఐఐటీ మద్రాసు 2024 నుంచి క్రీడాకారులకు అదనపు సీట్లు ఇస్తోంది, అయితే అందుకు జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హతా, జాతీయ స్థాయి పతకమూ రెండూ కావాలి. ఆ తరువాత మాస్టర్స్‌కు, చెన్నై శివార్లలో మేలకోట్టైయూరులో ఉన్న తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడల విశ్వవిద్యాలయంలో బయోమెకానిక్స్ విభాగం ఉంది. ఐఐటీ మద్రాసులో అప్లైడ్ మెకానిక్స్, బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగమూ, క్రీడా శాస్త్ర కేంద్రమూ ఉన్నాయి. పోరూరులోని శ్రీరామచంద్ర వైద్య విద్యాసంస్థలో క్రికెట్ బౌలర్ల చేతి కదలికను పరీక్షించిన కేంద్రం ఉంది. వీలైతే ఒకసారి అమ్మాయిని తీసుకువెళ్లి చూపించండి. ఫిజియోథెరపీ గుండా వచ్చేవారూ ఉన్నారు, కానీ లెక్కలంటే ఇష్టమున్న పిల్లకు ఆ దారిని నేను రెండవదిగానే పెడతాను.

అన్నం పెడుతుందా అని అడిగారు, దాచకుండా చెబుతాను. కేవలం క్రీడా బయోమెకానిక్స్ ఉద్యోగాలు మన దేశంలో తక్కువ. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా తన కేంద్రాలకు ఇటువంటి నిపుణులను తీసుకుంటుంది, కానీ అవి ఎక్కువగా కాంట్రాక్టు కొలువులు. ప్రైవేటు శిక్షణ సంస్థల్లో, క్రికెట్, ఫుట్‌బాల్ జట్లలో మరికొన్ని ఉంటాయి. ఇంజనీరింగ్ పునాది అవసరమని నేను అనడానికి కారణం ఇదే. మోకాలి కీలు మీద పడే బలాన్ని లెక్కగట్టగలిగిన వ్యక్తికి ఆసుపత్రుల నడక పరీక్షా కేంద్రాలు, పాదరక్షల తయారీ, కృత్రిమ అవయవాల రంగం కూడా తెరిచి ఉంటాయి. ఐఐటీ మద్రాసులో వికలాంగులకు పరికరాలు రూపొందించే టీటీకే కేంద్రం, బెంగళూరులోని మొబిలిటీ ఇండియా సంస్థ తదితరులతో కలిసి 2022లో కదం అనే కృత్రిమ మోకాలిని విడుదల చేసింది. దానికి కావలసిన శాస్త్రం, లాంగ్ జంప్ బోర్డు మీద కావలసిన శాస్త్రం ఒక్కటే.

మీవారు చెప్పిన స్పోర్ట్స్ కోటా ఆలోచన కూడా మంచిదే, కానీ జిల్లా పతకం దానికి సరిపోతుందని లెక్క వేసుకోవద్దు. ఆటను ఆటగానే సాగనివ్వండి, ఎంత దూరం పోతుందో చూడండి.

ఈ ఏడాది ఆమె చేయగల పని ఒకటి ఉంది. ఫోనులో స్లో మోషన్‌ను సెకనుకు 240 ఫ్రేములకు పెట్టి, బోర్డుకు సరిగ్గా పక్కన స్టాండ్ మీద కదలకుండా నిలిపి, తన దూకులను చిత్రీకరించుకోవాలి. మామూలు వీడియోలో 30 ఫ్రేములే ఉంటాయి కనుక 0.12 సెకనుకు మూడు నాలుగు బొమ్మలే వస్తాయి. 240 అయితే ఇరవై తొమ్మిది దాకా దొరుకుతాయి. కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాటిని తెరిచి, చివరి రెండు అడుగుల పొడవు, మోకాలి కోణం, నేలను విడిచే కోణం కొలిచి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోవాలి. ఆరు నెలల పాటు ఎవరూ చెప్పకుండా ఆ పుస్తకాన్ని తనంతట తానే నింపితే ఆమెకు ఈ చదువు మీద ఉన్నది నిజమైన ఆసక్తేనని మీరిద్దరూ నమ్మవచ్చు. నాలుగు వారాలకే పుస్తకం మూలపడితే, ప్లస్ టూ తరువాతి కోర్సుల దరఖాస్తులు నింపే ముందు మరొకసారి నాకు రాయండి.